మాగుడు

ఆ ఏడు తోతాపురి కిలో నాలుగు రూపాయలకు పడింది.
జబ్బు కూడా ఆ నెల్లోనే వచ్చింది.

దామలచెరువు మండీలో
ముందుగా అంటుకునింది లారీ చంగల్రాయుడికి.
లారీ ఖాళీ, కాయ ఒక్కటీ లేదు,
క్యాబిన్లో మాత్రం మల్గూబా గమగమ.
మూడోనాటికి మెడ పసుపెక్కింది,
చెవి వెనక సొన కారింది,
ఈగలు ఆయన్ని వదలలేదు.

రుయాలో రక్తం తీసినారు.
సీసాలో కూడా అదే తియ్యటి వాసనొస్తే
నర్సు మూత బిగించి బయటికి పోయిందంట.

పేరు మా అవ్వే పెట్టింది, మాగుడు అని.
"నోట్లో దాచిన మాట గడ్డిలో పెట్టిన కాయే గదరా.
పండతాది. పండినాకా బయటికి తీయకుంటే
అది గడ్డిని కూడా తినేస్తాది."

కొందరు గంగజాతరలో వేషం కట్టి
వచ్చిన బూతులన్నీ తిట్టినారు,
ఒక పూట తగ్గింది.
కొందరు కొండెక్కి గుండు గీయించుకున్నారు,
గుండు మీదా పసుపే,
చందనం పూసుకుంటే ఎవరికీ తెలీలేదు, అంతే.

మాట ఎవరిదో వాళ్ళకే చెప్పాల.
ఇంకో చెవిలో పోస్తే దిగదు.
చంగల్రాయుడు పలమనేరు పోయి
తమ్ముడి పెండ్లానికి ఏమో చెప్పొచ్చినాడు.
ఏం చెప్పినాడో నాకెందుకు.
వచ్చి కాటా ఎక్కితే పదకొండు కిలోలు తక్కువ.

కాటా నాది. నా పేరు యతిరాజు.
ఆ ఎండాకాలం నేను కాయల్ని తూచింది తక్కువ.
మొన్న పెండ్లయిన పిల్ల, వేలెడంత మనిషి,
తొంభై ఆరు.
వడ్డీల నాగరత్నమ్మ
ముల్లు నిలవక ముందే దిగేసింది.

నీలాలు దిగే రోజుల్లో
నా అరచేతులు వాసనేసినాయి.
నాది చెట్టు వాసన కూడా కాదు, కార్బైడుది,
పైన పసుపు, లోపలంతా పులుపు.
ముందు చిన్నవి చెప్పి చూసినా.
తాకట్టు పెట్టిన ఉంగరం సంగతి ఇంట్లో చెప్పినా,
అవ్వ డబ్బాలో తీసిన నూటయాభై చెప్పినా.
గ్రాము దిగలేదు.

ఏదో నాకు తెలుసు.
క్వింటాలుకు రెండు కిలోలు.
తూకం గుండు అడుగున మైనంతో అంటించిన
బొటనవేలంత సీసం.
మండీ ఓనరు పెట్టమన్నాడు, పెట్టినా.
ఆయన పోయి నాలుగేండ్లు.
కొడుక్కి ఆ సంగతే తెలీదు.
సీసం అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నా.

తొమ్మిదేండ్ల చిట్టా తీసి
మొదటి పేజీలో మొదటి పేరు చూసినా,
కుప్పమ్మ, ఎర్రగుట్టపల్లి.

ఆ ఏడు ఆమె కాయ కోయలేదు.
కోతకూలికి కూడా రాదని చెట్లకే వదిలేసింది.
రాలిన పండ్లు తొక్కుకుంటా పోయినా,
చెప్పులు బంకబంక.
సీసం ఆమె ముందర పెట్టి చెప్పినా.

కుప్పమ్మ దాన్ని అరచేతిలో ఎగరేసి చూసింది.
"ఇంతేనా" అనింది.
"ఇంకా పెద్దదనుకుంటి."
కొంచేపు గడప గీకింది గోరుతో.
"రెండో ఏడే తెలిసిపాయ అబ్బోడా.
అందుకే, గోనెలు తడిపి తెస్తా ఉంటి."

అంతసేపూ తోటదనుకున్నా ఆ బేనీషా వాసన.
గప్పున ఆగిపాయ.
బయట పండ్లన్నీ అట్లే పడి ఉన్నాయి.

ఇద్దరం నవ్వినామో లేదో గుర్తు లేదు.
చెంబుతో నీళ్ళిచ్చింది, తాగినా.

తెల్లారి సీసం లేని కాటా ఎక్కినా.
ఒక్క కిలో తగ్గింది.
చిట్టాలో రెండో పేరు దొరస్వామి,
చెరువు కింద రెండెకరాలు.
ఆయనకు గోనెలు తడపడం రాదు.